పావు మైలు చదును ట్రాక్‌పై మలుపు చివర కారు తోక జారిపోతోంది (డర్ట్ లేట్ మోడల్ సెటప్)

జార్జియా_గోదావరి
మా పొరుగింటి కుటుంబంతో కలిసి జార్జియాలో ఒక క్రేట్ లేట్ మోడల్ కారును (మట్టి ట్రాక్‌లపై నడిచే, కంపెనీ కట్టి పంపిన ఇంజిన్ ఉన్న రేసు కారు) రేసులకు తిప్పుతున్నాం. నడిపేది వారి అబ్బాయి. తూకపు స్కేళ్ళు, స్ప్రింగులు, టైర్ల లెక్కలు చూసుకునేది నేను. ఇంజిన్ జనరల్ మోటార్స్ వారి 604, డ్రైవరుతో కలిపి బరువు సుమారు 2300 పౌండ్లు. ఇంతకాలం మేము పరుగెత్తింది ఏటవాలు మలుపులున్న 3/8 మైలు ట్రాక్ మీద. ఈ సీజనులో దాదాపు చదునుగా ఉండే పావు మైలు ట్రాక్‌కు మారాం. ప్రధాన రేసు వేళకు అది నల్లగా మెరుస్తూ గచ్చులా నున్నగా తయారవుతుంది.

మలుపు చివర గ్యాస్ (యాక్సిలరేటర్) వేయగానే వెనుక భాగం కుడికి జారిపోతోంది. కారు లూజ్‌గా (తోక జారేలా) ఉందన్న లెక్కతో ఎడమ వెనుక బైట్‌ను (ఎడమ వెనుక చక్రం మీద కుడి వెనుక దానికంటే ఎక్కువగా పడే బరువు) 85 నుంచి 125 పౌండ్లకు పెంచాను, స్టాగర్‌ను (కుడి వెనుక టైరు చుట్టుకొలత ఎడమదానికంటే ఎంత ఎక్కువో ఆ తేడా) 2.5 నుంచి 1.5 అంగుళాలకు తగ్గించాను. ఈ రెండూ కారును టైట్ (ముక్కు తిరగడానికి మొరాయించేలా) చేయవలసిన మార్పులే. అయినా జారడం తగ్గలేదు, పైగా ఇంతకుముందు మెల్లగా జారేది ఇప్పుడు ఒక్కసారిగా బయటికి తిరిగిపోతోంది. స్ప్రింగులు, బార్లు (వెనుక ఇరుసును ఫ్రేముకు కలిపే కడ్డీలు), షాకులు, వీటిలో దేనితో మొదలుపెట్టాలి?

సుత్తి_స్పానర్
డ్రైవరుతో మొదలుపెట్టండి. అబ్బాయికి ఇంకా ఇరవై నిండకపోతే, స్ప్రింగులు కొనడం కంటే యాక్సిలరేటర్ కింద చెక్కముక్క బిగించడం చవకగా తేలుతుంది.

ఒహాయో_ఓబులేసు
చెక్కముక్క సంగతి అలా ఉంచండి. గ్యాస్ వేసినప్పుడు పట్టు లేదంటే ఎడమ వెనుక టైరును నేలకు అదిమే బలం చాలడం లేదన్న మాట. ఎడమ పై బార్‌ను ఫ్రేము వైపు ఒక రంధ్రం పైకి ఎత్తండి, కారు ఎడమ పక్క బాగా లేచేలా చూడండి. నేను ఎల్డోరా రేసు ట్రాక్ దగ్గరే ఉంటాను. అక్కడ ముందు వరుసలో ఉండే ప్రతి కారూ ఎడమ పక్క ఎత్తుకుని, తోక బయటికి వేసే నడుస్తుంది.

పిట్_పంతులు
ఓబులేసు గారూ, ఎల్డోరా అర మైలు ట్రాక్, దాని మలుపుల్లో 24 డిగ్రీల వాలు ఉంది. అక్కడి పాఠాన్ని పావు మైలు చదునుకు అప్పగిస్తే ఆ అబ్బాయి కారును గోడకు అప్పగిస్తాడు.

గోదావరి గారూ, మీరు మలుపు చివర సంగతి చెప్పారు గాని, మధ్యలో కారు ఏం చేస్తోందో ఒక్క ముక్క కూడా రాయలేదు. చిన్న చదును ట్రాకుల మీద ‘లూజ్‌గా ఉంది’ అని నా దగ్గరకు వచ్చిన ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం మలుపు మధ్యలోని టైట్‌లోనే దొరికింది. కారు ముక్కు మలుపులోకి తిరగనప్పుడు డ్రైవరు స్టీరింగ్‌ను ఇంకాస్త ఎడమకు తిప్పుతాడు. అప్పటికీ తిరగకపోతే మరికాస్త తిప్పుతాడు. ట్రాక్ చిన్నది కావడంతో కారు తిరిగే దాకా ఓపిక పట్టే వ్యవధి ఉండదు, అందువల్ల ఆ స్టీరింగ్ అలాగే పట్టుకుని గ్యాస్ వేస్తాడు. ఈలోగా వేగం పడిపోయి ముందు టైర్లకు పట్టు తిరిగి వస్తుంది. అప్పటికే మితిమీరి తిరిగి ఉన్న ఆ చక్రాలు ముక్కును ఎడమకు లాగేస్తాయి, అదే క్షణంలో వెనుక టైర్లు గ్యాసుకు జారుతాయి. డ్రైవరు నడుముకు తెలిసేది చివరి జారుడు ఒక్కటే కాబట్టి పిట్‌కు వచ్చి కారు లూజ్‌గా ఉందని చెబుతాడు.

ఇప్పుడు మీ బైట్ మార్పును చూడండి. 2300 పౌండ్లలో ఎడమ పక్క 53 శాతం, వెనుక 55 శాతం అనుకుంటే, 85 పౌండ్ల బైట్ దగ్గర ఎడమ వెనుక 675, కుడి వెనుక 590, ఎడమ ముందు 544, కుడి ముందు 491 పౌండ్లు వస్తాయి. మీరు 125కు పెంచినప్పుడు ఎడమ వెనుక 695, కుడి వెనుక 570 అవుతాయి. మొత్తం బరువు మారదు కాబట్టి ఎడమ ముందు 524కు తగ్గి, కుడి ముందు 511కు పెరుగుతుంది. అంటే క్రాస్ (మొత్తం బరువులో కుడి ముందు, ఎడమ వెనుక కలిపిన వాటా) 50.7 శాతం నుంచి 52.4 శాతానికి వెళ్ళింది, మలుపు మధ్య కారు మరింత టైట్ అయింది. స్టాగర్ తగ్గించడంతో ఇంకాస్త టైట్ అయింది. తోక ఒక్కసారిగా తిరిగిపోవడం ఇందువల్లనే అని నా అనుమానం.

అనుమానం కాబట్టి ముందు పరీక్షించండి. కారులో కెమెరా ఉంటే డ్రైవరు చేతులను చూడండి, కుడి ముందు టైరు బయటి అంచును తడిమి చూడండి.

స్టాగర్_శాస్త్రి
పంతులు గారితో ఏకీభవిస్తూ స్టాగర్ లెక్క కూడా ముందు పెడుతున్నాను. పావు మైలు అంటే 1320 అడుగులు. రెండు నేరు దారులూ మూడేసి వందల అడుగులు అనుకుంటే రెండు మలుపులకు కలిపి 720 అడుగులు మిగులుతాయి, వ్యాసార్థం సుమారు 115 అడుగులు వస్తుంది. వెనుక టైర్ల మధ్య దూరం 6 అడుగులు అనుకుంటే బయటి చక్రం 118, లోపలి చక్రం 112 అడుగుల వ్యాసార్థంలో తిరుగుతాయి. ఎడమ టైరు చుట్టుకొలత 88 అంగుళాలైతే, రెండు చక్రాలూ జారకుండా దొర్లడానికి కుడి టైరు 92.7 ఉండాలి. అంటే 4.7 అంగుళాల స్టాగర్ కావాలి. మీరు 1.5 పెట్టారు. ఇక ఆ ఇరుసు కారును మలుపంతా నేరుగా తోయడానికే చూస్తుంది.

కుడిముందు_చక్రం
శాస్త్రి గారూ, కాగితం మీద మీ లెక్క నిజమే, కానీ నున్నబడిన ట్రాక్ మీద 4.7 అంగుళాల స్టాగర్‌తో ఎవరూ పరుగెత్తరు. డర్ట్ మీద వెనుక టైర్లు దొర్లడం కంటే జారడమే ఎక్కువ, పైగా తోక కొంత బయటికి వేలాడుతూ వెళ్తుంది, కాబట్టి పూర్తి లెక్క అవసరమే పడదు. స్టాగర్ పెరిగేకొద్దీ నేరు దారిలో రెండు టైర్లు ఒకదానితో ఒకటి పోట్లాడతాయి, గ్యాస్ వేసినప్పుడు ముందుకు వెళ్ళే పట్టు తగ్గుతుంది. మా కారుకు చదును పావు మైలు మీద రెండున్నర నుంచి మూడు మధ్య బాగా పనిచేసింది. గోదావరి గారు ముందు తీసేసిన ఆ ఒక్క అంగుళాన్ని తిరిగి పెడితే చాలు.

ఫార్ములా_వరంగల్
మేము కళాశాలలో ఫార్ములా స్టూడెంట్ కారు కట్టినప్పుడు డిఫరెన్షియల్ (రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) కోసం నానా తంటాలు పడ్డాం. ఇంత పెద్ద కార్లలో అది ఎందుకు పెట్టరు? అది ఉంటే ఈ స్టాగర్ గొడవే ఉండదు కదా?

పిట్_పంతులు
లేట్ మోడల్ క్విక్ చేంజ్‌లో (గేర్లు త్వరగా మార్చుకోగల వెనుక గేరు పెట్టెలో) ఉండేది స్పూల్ తమ్ముడూ, రెండు చక్రాలనూ ఒకే ఇరుసుకు బిగించి తిప్పుతారు. మన ఎడ్లబండికి కూడా చక్రాలు ఇరుసు మీద విడివిడిగా తిరుగుతాయి, ఇక్కడ అదీ లేదు. మామూలు డిఫరెన్షియల్ పెడితే మలుపులో తేలికపడిన ఎడమ టైరు ఒంటరిగా గిర్రున తిరుగుతుంది, కారు ముందుకు కదలదు.

ఒహాయో_ఓబులేసు
ఎల్డోరాను ఇందులోకి లాగినందుకు నన్ను వదిలిపెట్టేలా లేరు. సరే, చదునుకూ ఏటవాలుకూ అంత తేడా ఎందుకో చెప్పండి. మట్టి మట్టే కదా?

స్టాగర్_శాస్త్రి
అదే 115 అడుగుల వ్యాసార్థాన్ని తీసుకుని, టైరు పట్టును (ఘర్షణ గుణకాన్ని) 0.8 అనుకుందాం. చదును మీద మలుపు మధ్య గరిష్ఠ వేగం గంటకు 37 మైళ్ళు వస్తుంది. అదే మలుపుకు 12 డిగ్రీల వాలు ఇస్తే దాదాపు 46 మైళ్ళు అవుతుంది. ఆ వేగంలో వాలు కారును నేలకు అదుముతుంది కాబట్టి, 2300 పౌండ్ల కారు ట్రాక్‌ను సుమారు 2830 పౌండ్ల బలంతో నొక్కుతుంది. చదును మీద ఆ అదనపు 530 పౌండ్లు లేవు.

దీని ఫలితం వేగంతో ఆగదు. స్ప్రింగులు అంతగా కుంగవు. ఏటవాలు ట్రాక్ కోసం ఎంచిన కుడి ముందు స్ప్రింగు చదును మీద గట్టిదైపోతుంది, ముక్కు కిందికి దిగదు. బంప్ స్టాప్ (కుంగుదల చివర అడ్డుపడే దిమ్మ) పెట్టి ఉంటే, అది ఏ కుంగుదల దగ్గర తగిలి పనిచేయాలని అమర్చారో కారు అక్కడికి చేరకపోవచ్చు. గోదావరి గారు 3/8 మైలు ట్రాక్ స్ప్రింగులతోనే ఇక్కడికి వచ్చి ఉంటే, లెక్క పాత చోటిది, కారు కొత్త చోటిది.

ఇంకొక చిన్న సంగతి. ముక్కు, స్పాయిలర్ ఇచ్చే గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి మారుతుంది. వేగం సగమైతే అది నాలుగో వంతుకు పడిపోతుంది. పెద్ద ట్రాకు మీద ముందు భాగానికి గాలి చేసిపెట్టే పనిని ఇక్కడ టైర్లే చేసుకోవాలి.

జార్జియా_గోదావరి
స్ప్రింగులు పాతవే, ఒక్కటీ మార్చలేదు. కెమెరా దృశ్యాలు చూశాను. బైట్ పెంచక ముందు మలుపు మధ్య అబ్బాయి చేతులు దాదాపు నిటారుగా ఉన్నాయి, అంటే స్టీరింగ్ పెద్దగా తిప్పలేదు. పెంచిన తరువాత ఎడమ చేయి ఒళ్ళోకి దిగిపోయింది, గ్యాస్ వేసేటప్పుడు కూడా అది అక్కడే ఉంది. ఆ మరుక్షణమే తోక తిరిగిపోయి, ఒక్క ఊపులో స్టీరింగ్ కుడికి తిప్పుకుంటున్నాడు. కుడి ముందు టైరు బయటి అంచు చిరిగి, రబ్బరు నలుసులు నలుసులుగా లేచి ఉంది, లోపలి సగం మాత్రం కొత్తదానిలా ఉంది.

సుత్తి_స్పానర్
చెక్కముక్క ప్రతిపాదనను ఉపసంహరించుకుంటున్నాను. అబ్బాయికి నా తరఫున క్షమాపణ చెప్పండి.

కుడిముందు_చక్రం
బయటి అంచు ఒక్కటే చిరిగిందంటే క్యాంబర్‌ను (చక్రం నిలువు నుంచి ఎంత వాలి ఉందో) కూడా ఒకసారి చూడాలి. ఏటవాలు మీద కారు కుంగినప్పుడు కుడి ముందు చక్రానికి నెగటివ్ క్యాంబర్ (పై అంచు లోపలికి వాలడం) కొంత అదనంగా వస్తుంది. చదును మీద కుంగుదల తక్కువ కాబట్టి ఆ భాగం రాదు, టైరు బయటి అంచు మీదే నిలబడుతుంది. నిలిపి ఉంచిన కారుకు ఎన్ని డిగ్రీలు ఉన్నాయన్నది నాకు ముఖ్యం కాదు. మలుపు మధ్య కారు కుంగే మేరకు జాకుతో దించి, అక్కడ కొలవండి. తరువాత స్ప్రింగును ఒక మెట్టు మెత్తగా మార్చి, మళ్ళీ కొలవండి.

పిట్_పంతులు
చక్రం గారి క్యాంబర్ మాట విలువైనది. అయితే వెనుక బార్ల సంగతి కూడా ఇప్పుడే చెప్పుకోవాలి, లేకపోతే ఓబులేసు గారి సలహా విని ఎవరో ఒకరు రంధ్రాలు ఎక్కిస్తారు.

ఫోర్ లింక్ కారులో (ఇరుసును ఒక్కో పక్క రెండేసి బార్లు పట్టి ఉంచే రకం) ఎడమ పై బార్ ముందు కొన పైకి వాలి ఉంటుంది. గ్యాస్ వేసినప్పుడు ఇరుసు ఆ బార్ గుండా బాడీని ముందుకు తోస్తుంది, వాలు వల్ల ఆ తోపులో కొంత బాడీని పైకి లేపుతుంది, దానికి ప్రతిగా ఎడమ టైరు నేలకు అదమబడుతుంది. ఇంతవరకు ఓబులేసు గారు చెప్పింది అక్షరాలా నిజం. కానీ బాడీ లేచేకొద్దీ ఆ బార్ ఎడమ వెనుక చక్రాన్ని ముందుకు లాగుతుంది. కుడి పక్క బాడీ దిగుతుంది కాబట్టి అక్కడి చక్రం వెనక్కి జరుగుతుంది. ఇరుసు మొత్తం మెలి తిరిగి వెనుక చక్రాలు కుడి దిక్కుకు చూస్తాయి, తోక బయటికి పోతుంది. పెద్ద ఏటవాలు ట్రాక్‌లో ఆ భంగిమలోనే వేగం నిలుపుకుంటూ మలుపంతా పోవచ్చు. చిన్న చదును మీద మలుపు దాటగానే నేరు దారి వస్తుంది, అది కూడా చటుక్కున అయిపోతుంది. అక్కడ కారు నేరుగా లేకపోతే వేసిన గ్యాసంతా పక్కకు జారడానికే ఖర్చవుతుంది.

అందువల్ల బార్లు పూర్తిగా చదును చేయమనను, అలా చేస్తే ముందుకు వెళ్ళే పట్టు కూడా పోతుంది. ఎడమ వెనుక గొలుసును కొంచెం పొట్టి చేసి బాడీ లేచే ఎత్తుకు హద్దు పెట్టండి. పట్టు మొదటి లేపులోనే వస్తుంది, చివరి అంగుళం తెచ్చేది ఇరుసు మెలికే. జె బార్ (ఇరుసు పక్కకు జరగకుండా పట్టే బార్) ఎడమ కొన మరీ ఎత్తులో ఉంటే ఒక రంధ్రం దించి చూడండి, కారు మలుపులోకి దిగేటప్పుడే ఎగిరి కూర్చోవడం తగ్గుతుంది.

ఒహాయో_ఓబులేసు
గొలుసు సంగతి ఒప్పుకుంటాను. కానీ పట్టు మొదటి లేపులోనే వస్తుందన్నది షాకును బట్టి ఉంటుంది. ఎడమ వెనుక షాక్ పైకి లేవడాన్ని గట్టిగా అడ్డుకునే రకమైతే, గొలుసు బిగుసుకునే లోపే మలుపు అయిపోతుంది. గొలుసు పొట్టి చేసే ముందు ఆ షాక్ ఏ రకమో తెలుసుకోండి.

పిట్_పంతులు
ఇది సరైన మాట. ఎడమ ముందు షాక్ గురించి కూడా అడగాలి. ముందు భాగం లేవకుండా పట్టి ఉంచే టై డౌన్ షాక్ అక్కడ ఉంటే గ్యాస్ వేసినప్పుడు ముక్కు కిందికే నిలుస్తుంది. మలుపు చివర కూడా కారు తిరుగుతూనే ఉంటుంది.

తడిమట్టి
నేను ట్రాక్ తయారీలో సాయపడుతుంటాను కాబట్టి నేల వైపు నుంచి చెబుతాను. సాయంత్రం నీళ్ళు పోసి, దున్ని, రోలర్లతో అణచిన ట్రాక్ హీట్ రేసుల (ప్రధాన రేసుకు ముందు జరిగే చిన్న రేసులు) వేళకు జిగటగా ఉంటుంది. ప్రధాన రేసు నాటికి తేమ ఆరిపోయి, వదులు మట్టి బయటి అంచుకు కొట్టుకుపోతుంది, లోపలి దారి నున్నబడుతుంది. ఏటవాలు ట్రాక్‌లో బయటి అంచున పేరుకున్న మట్టి గట్టు మీదికి వెళ్ళి పట్టు వెతుక్కోవచ్చు. చదును ట్రాక్‌లో అక్కడికి వెళ్తే దూరం పెరుగుతుంది గాని వాలు ఇచ్చే సాయం దొరకదు, అందుకే అందరూ లోపలి అంచునే పట్టుకుని వరుస కడతారు. లోపలి దారిలో తేమ, పట్టు ఎక్కడ మిగిలి ఉన్నాయో రేసుకు ముందు నడిచి చూడండి. కారు ఆ ఒక్క దారిలో తిరగగలిగితే చాలు, ట్రాక్ అంతటా తిరగనక్కరలేదు.

ఫార్ములా_వరంగల్
గేరు గురించి ఎవరూ మాట్లాడలేదు. ట్రాక్ పొట్టిది కాబట్టి పెద్ద నిష్పత్తి పెట్టాలి కదా?

స్టాగర్_శాస్త్రి
పెట్టాలి, అయితే అతిగా కాదు. వెనుక టైర్ల సగటు చుట్టుకొలత 89 అంగుళాలు, మొత్తం నిష్పత్తి 6.5 అనుకుంటే మలుపు మధ్య 37 మైళ్ళ దగ్గర ఇంజిన్ నిమిషానికి సుమారు 2850, నేరు దారి చివర 70 మైళ్ళ దగ్గర 5400 చుట్లు తిరుగుతుంది. 604 ఇంజిన్ 400 గుర్రపు శక్తిని 5500 చుట్ల దగ్గర ఇస్తుంది కాబట్టి జిగట ట్రాక్‌కు ఈ నిష్పత్తి సరిపోతుంది. నున్నబడిన తరువాత 6.2కు దిగితే పై అంకె 5150కు తగ్గుతుంది, చక్రాలకు చేరే మెలిబలం కూడా దాదాపు 5 శాతం తగ్గుతుంది. పట్టు లేని చోట ఆ 5 శాతం తగ్గడం మేలే చేస్తుంది. క్విక్ చేంజ్ ఉన్నదే అందుకు, హీట్ రేసుకూ ప్రధాన రేసుకూ మధ్య స్పర్ గేర్లు మార్చుకోవచ్చు.

కుడిముందు_చక్రం
బ్రేకు కూడా ఒకసారి చూడండి. చదును ట్రాక్‌లో కారును మలుపులోకి తిప్పే పని సగం బ్రేకుదే. కుడి ముందు బ్రేకును మూసే వాల్వు ఉంటే దాన్ని మూసి పరీక్షించండి. అప్పుడు ముందు చక్రాల్లో ఎడమది ఒక్కటే పట్టి ముక్కును లోపలికి లాగుతుంది. అది లేకపోతే బ్యాలెన్స్ బార్‌ను (ముందు, వెనుక బ్రేకులకు బలాన్ని పంచేది) వెనుకవైపుకు కొద్దిగా తిప్పండి. ఎక్కువ తిప్పితే మలుపులోకి దిగేటప్పుడే తోక వచ్చేస్తుంది, అప్పుడు గోదావరి గారు ఇంకొక ప్రశ్నతో రావలసి ఉంటుంది.

జార్జియా_గోదావరి
ఒకేసారి అన్నీ మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు కాబట్టి వరుస ఇలా అనుకుంటున్నాను. ముందుగా బైట్‌ను తిరిగి 85కు, స్టాగర్‌ను 2.5కు తెస్తాను. అదే రోజు కుడి ముందు స్ప్రింగును ఒక మెట్టు మెత్తగా మార్చి, కుంగిన స్థితిలో క్యాంబర్ కొలుస్తాను. అబ్బాయి చేతులు మలుపు మధ్య నిటారుగా వచ్చే దాకా వెనుక భాగాన్ని ముట్టుకోను. అవి నిటారైన తరువాత కూడా తోక జారితే, అప్పుడు ఎడమ వెనుక షాక్, గొలుసు చూస్తాను. గేరు, బ్రేకు ఆ తరువాతే. ఎడమ ముందు షాక్ టై డౌన్ రకమే, చూసి నిర్ధారించుకున్నాను.

పిట్_పంతులు
వరుస బాగుంది. స్కేళ్ళ మీద పెట్టేటప్పుడు అబ్బాయిని సీటులో కూర్చోబెట్టి, రేసు చివర ఎంత ఇంధనం మిగులుతుందో అంతే పోసి తూచండి. ట్యాంకు వెనుక ఉంటుంది కాబట్టి నిండు ట్యాంకుతో తూచిన వెనుక శాతం చివరి ల్యాపులకు వర్తించదు, మీ కారు తోక తిరిగిపోతున్నది ఆ ల్యాపుల్లోనే అయితే మరీను.

కుడిముందు_చక్రం
స్టాగర్‌ను పిట్‌లో చల్లటి టైర్ల మీద కొలిచి వదిలేయకండి. వేడెక్కినప్పుడు లోపలి గాలి ఒత్తిడి పెరిగి టైరు చుట్టుకొలత సాగుతుంది, రెండు వెనుక టైర్లూ ఒకే మేరకు సాగవు. రేసు ముగిసి కారు లోపలికి రాగానే, టైర్లు చల్లారక ముందే జాకుతో ఎత్తి టేపు చుట్టి, రెండు అంకెలూ, గాలి ఒత్తిడీ రాసుకోండి. మీరు 2.5 అనుకుని పంపిన కారు ఎంతతో తిరిగి వచ్చిందో ఇక్కడ రాస్తే, తరువాతి మార్పు దాన్ని బట్టి చెప్పుకుందాం.